మా ఇంటి నడక

జూన్ 3

కొత్త పని మొదలైన రోజున కొత్త పెన్నుతో రాయాలి, రాసింది కొట్టివేయకూడదు. కాన్వెంట్‌లో మా సిస్టర్ పెట్టిన షరతు. ఆవిడ పెట్టిన షరతుల్లో నేనింకా పాటిస్తున్నది ఇదొక్కటే.

దర్జీ ఆవిడ కుటుంబం వచ్చేసింది. మనుషులు కాదు, వాళ్ళ జన్యువుల ఫైళ్ళు. రెండు నెలల కిందట తీసిన రక్తం అక్షరాలై తిరిగొచ్చింది. ఆవిడతో కలిపి నలుగురు తోబుట్టువులు. పెద్దక్క నిక్షేపంగా నడుస్తుంది. తర్వాత ముగ్గురికీ నలభై దాటాక ముందు పాదాలు పట్టు తప్పాయి, ఆ తర్వాత చేతివేళ్ళు. వాళ్ళమ్మకీ అంతేనట. అంటే ముగ్గురిలోనూ ఉండి పెద్దక్కలో లేని అక్షరం తప్పు ఒకటి ఎక్కడో ఉండాలి. కొన్ని కోట్ల అక్షరాల్లో ఒకటి.

నేను ఎన్నో నవలలు చదివాను. ఏ నవల మొదటి పేజీలోనూ నా గుండె ఇలా కొట్టుకోలేదు. భోజనం మరిచిపోయాను.

లెక్కల మాస్టారు జల్లెడ పట్టడం మొదలుపెట్టారు. ఆయన మాస్టారేమీ కాదు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ప్రోగ్రాములన్నీ ఆయనే రాస్తారు, టీలో చక్కెరకి కూడా లెక్క చెబుతారు, అందుకని ఆ పేరు. మొదటి జల్లెడలో లోకంలో మామూలుగా కనిపించే మార్పులు పోతాయి. చివరి జల్లెడ మా పిట్టలు. ల్యాబ్‌లో మేమందరం ఆరోగ్యవంతుల లెక్కన తలా కాస్త రక్తం ఇచ్చాం. ఏది ఎవరిదో తెలియకుండా చీటీలు తీశాం, చీటీకో పిట్ట పేరు. ఎవరి పిట్ట ఏదో వాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు, చెప్పకూడదని మాట కూడా ఇచ్చుకున్నాం. పిట్టల్లో ఒక్కదానికి ఉన్నా సరే, ఆ మార్పు జబ్బు చేసేది కాదు, అవతల పారెయ్యడమే. మాస్టారి నియమం.

కాకి ఎవరో ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు. నా పిట్ట పేరు నేను ఇక్కడ కూడా రాయను. మాటంటే మాట.

జూన్ 5

ఈరోజు మనుషులు వచ్చారు. దర్జీ ఆవిడ, ఆవిడ తమ్ముడు. ఆయన బస్సు డ్రైవరు. డ్రైవరుగా ఉండేవాడు. బ్రేకు తొక్కమంటే కాలు కాసేపు ఆలోచించి తొక్కుతోందని, ఇంకొకరి ప్రాణం మీదికి రాకముందే తనే తాళాలు ఇచ్చేశాడట.

మా ల్యాబ్ నడిపే డాక్టర్ మేడమ్ ఆయన నరాలు పరీక్ష చేస్తున్నంతసేపూ నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నన్ను ఎవరూ పలకరించకపోతే బాగుండునని. దర్జీ ఆవిడ పలకరించింది. వేళ్ళు చాపి చూపించింది. బొటనవేలి పక్కన కండ గుంటపడి ఉంది.

"దారం బాగుంది, సూది బాగుంది. మధ్యలో నేనే ఎక్కట్లేదు," అంది.

మేడమ్ నవ్వారు. మేడమ్ నవ్వడం నేను చాలా అరుదుగా చూశాను.

చెప్పులు జారిపోతున్నాయా అని అడిగారు మేడమ్. జారితే తెలుస్తుందా, తెలియదా అని కూడా. డ్రైవరు తెలుస్తుందన్నాడు. తెలుస్తూనే ఉంటుందట, ఆపలేడట. చెప్పు వెనక ఉండిపోతుంది, తను ముందుకెళ్ళిపోతాడు, ఎవరో కేకేసి ఇస్తారు. ఇచ్చేవాళ్ళు మూతి దగ్గర వాసన చూస్తారట, తాగాడేమోనని.

వచ్చే నెల పన్నెండున ఇంకో ఆసుపత్రిలో ఆయనకి వెన్నెముక ఆపరేషన్. వెన్నుపూస నరాన్ని నొక్కుతోందని అక్కడి సర్జన్ అభిప్రాయం. మేడమ్‌కి నమ్మకం లేదు. మోటార్ న్యూరాన్లే, అంటే వెన్నుపాములోంచి కండరాలకి ఆజ్ఞలు మోసే నరకణాలే, లోపలినుంచి ఎండిపోతున్నాయని ఆవిడ అనుమానం. అలాగైతే ఆపరేషన్ వల్ల ఒరిగేదేమీ ఉండదు, ఉన్న కాస్త బలమూ మంచాన పడి పోతుంది. సర్జన్‌కి ఫోన్ చేస్తే ఆయన మర్యాదగానే చెప్పారట, కారణం ఇదీ అని కాగితం మీద చూపించండి, ఆపేస్తాను, ఊహ మీద ఆపలేను అని.

వెళ్ళేటప్పుడు దర్జీ ఆవిడ నా దగ్గర ఆగింది. "మందిమ్మని అడగట్లేదమ్మా. పేరు చెప్పండి చాలు. మా అమ్మని బద్ధకస్తురాలన్నారు, మా తమ్ముణ్ణి తాగుబోతన్నారు. నన్నేమంటారో అని ఎదురుచూస్తున్నా."

నేను తలూపాను. ఏదో ఒకటి అనాల్సింది.

జూన్ 9

ఆదివారం, ఇంటికి వెళ్ళాను. బాబాయి నాన్నకి కొత్త శాండల్స్ తెచ్చాడు, మడమ వెనక పట్టీ, పక్కన బకిలు ఉన్నవి. బాబాయికి చెప్పుల దుకాణం. ఊరందరి కాళ్ళకీ చెప్పులు తొడుగుతాను గానీ మా అన్నదమ్ముల కాలికి మామూలు చెప్పు నిలవదు అని తనే నవ్వుతాడు.

ఇద్దరూ గేటు దాకా వెళ్ళి వస్తుంటే అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, అదుగో కవాతు, అంది. మోకాళ్ళెత్తి ఎత్తి, నీళ్ళలో కొంగల్లా. తాతయ్యా అలాగే నడిచేవారు. కాపురానికొచ్చిన కొత్తలో మామగారి నడక చూసి అమ్మ దర్జా అనుకుందట, కొన్నాళ్ళకి పొగరనుకుందట. నాన్నకీ పట్టుకునేసరికి ఇక ఏమీ అనుకోవడం మానేసిందట. మా ఇంట్లో దానికి పేరే అది, మా ఇంటి నడక. మేనత్త ఫోటోలో కూడా ఒక కాలు గాల్లోనే ఉంటుంది.

నాన్న లైబ్రరీ ఉద్యోగం మానేసి మూడేళ్ళు. పుస్తకాల నిచ్చెన ఎక్కలేక. మోకాళ్ళ అరుగుదల. చిన్నప్పుడు టైఫాయిడ్ కూడా వచ్చింది.

తిరుగు బస్సులో దారిపొడుగునా దర్జీ ఆవిడ గురించే ఆలోచన. అలాంటి మనిషికి ఒక పేరు చెప్పలేకపోవడం ఏమిటి.

జూన్ 12

లక్షలు వేలయ్యాయి, వేలు వందలయ్యాయి. మధ్యాహ్నానికి యాభై లోపు. మాస్టారు ప్రతి అరగంటకీ క్రికెట్ స్కోరులా గట్టిగా చదువుతున్నారు. నేను నా కుర్చీలోంచి లేవలేదు. నవ్వు ఆగడం లేదు, ఎందుకో తెలియదు. పక్క బల్లమ్మాయి అడిగింది, ఎవరైనా ఉత్తరం రాశారా అని.

జూన్ 13

సున్నా.

జూన్ 17

మీటింగ్. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఒక్క కుటుంబంతో ఎవరూ నమ్మరు, రెండో కుటుంబం కావాలి, రెండో కుటుంబం కావాలి అని మీ ప్రాణం తీసేదాన్ని, ఇప్పుడు మొదటిదాంట్లోనే ఏమీ లేదంటున్నారు, అన్నారు. మాస్టారు జల్లెడలో తప్పు లేదని మూడుసార్లు చెప్పారు.

మీటింగుల్లో నేను మాట్లాడను. చిన్న కాగితం మీద రాసి జరిపాను: పారేసినవి మళ్ళీ ఒకసారి చూడనా?

మాస్టారు దాన్ని పైకి చదివారు. "నా చెత్తబుట్ట మీద అనుమానమా తల్లీ నీకు?"

అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. మేడమ్ మాత్రం నవ్వలేదు. చూడు, అన్నారు.

జూన్ 18

చెత్తబుట్ట అంటే ఏమిటో అనుకున్నాను. ఇదొక ఊరు. ప్రతి తలుపూ తట్టాలి.

జూన్ 20

దొరికింది. దొరికింది. దొరికింది.

సిస్టర్, ఒకే మాట మూడుసార్లు రాసినందుకు క్షమించండి.

ముగ్గురికీ ఉంది. పెద్దక్కకి లేదు. లోకంలో ఎక్కడా నమోదు కాలేదు. ఇక ఆ జన్యువు చేసే పని చూశాక నేను కుర్చీలో కూర్చోలేకపోయాను, వరండాలోకి వెళ్ళి రెండుసార్లు అటూ ఇటూ నడిచొచ్చాను. కాలిని కదిలించే నరకణం వెన్నుపాములో ఉంటుంది, దాని తోక పాదం దాకా వెళుతుంది. కణం కంటికి ఆనదు, తోక నా కాలంత పొడుగు. ఆ పొడుగునా సరుకు మోసుకెళ్ళడానికి కూలీల్లాంటి ప్రోటీన్లుంటాయి. ఈ జన్యువు తయారుచేసేది ఒక కూలీని. కూలీ కాస్త కుంటిదైతే చాలు. దగ్గరి ఊళ్ళకి సరుకు అందుతూనే ఉంటుంది, చిట్టచివరి ఊరు ముందు మాడుతుంది. అందుకే ముందు పాదాలు. తర్వాత వేళ్ళు. అందుకే నలభై దాటాక. కుంటి కూలీ కూడా కొన్నేళ్ళు నెట్టుకొస్తుంది కదా.

ఆ మార్పు వచ్చిన చోట చేపకీ ఎలుకకీ కోడికీ మనిషికీ ఒకటే అక్షరం. ఇన్ని కోట్ల ఏళ్ళు ఎవరూ ముట్టుకోని అక్షరం. వీళ్ళ ముగ్గురిలోనూ మారింది.

ఇంత అందమైనది నేను చూడలేదు. జబ్బుని అందమైనదనకూడదు. అంటున్నాను.

దీన్ని మాస్టారి జల్లెడ ఎందుకు పారేసిందో రేపు చూడాలి. ఏదో పొరపాటయి ఉంటుంది. ఆయన మొహం ఎలా ఉంటుందో.

జూన్ 21

పొరపాటు కాదు. పిట్టల్లో ఒకదానికి ఉంది.

పిచ్చుకకి.

జూన్ 22

బట్టలు ఉతుక్కున్నాను. దిండు గలీబులు కూడా. కొత్త నవల మొదలుపెట్టాను, మొదటి పేజీ బాగుంది, నాలుగుసార్లు చదివాను.

మాస్టారికి ఇంకా చెప్పలేదు. చెప్పడానికేముంది. జల్లెడ సరిగ్గానే పనిచేసింది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఉన్న మార్పు జబ్బు చేసేది కాదు. నియమం అది. నియమాలు పెట్టుకునేది ఇలాంటి సమయాల కోసమే. పిచ్చుక ఆరోగ్యంగా ఉంది. ఈరోజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

జూన్ 23

ఇంటికి వెళ్ళలేదు. పని ఉందని ఫోన్ చేశాను.

పని లేదు.

జూన్ 24

మాస్టారు అడిగారు, ఏమైనా దొరికిందా అని. అన్నీ చూశానండీ అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. అన్నీ చూశాను.

అబద్ధం చెప్పకపోవడమూ నిజం చెప్పడమూ ఒకటి కాదని సిస్టర్ అనేవారు. ఒకసారి ఎవరో గ్లోబు పగలగొట్టారు. మా తరగతంతా తలలు వంచుకుని కూర్చున్నాం, ఎవరూ అబద్ధం చెప్పలేదు. కాళ్ళీడ్చుకుంటూ నడవొద్దని కూడా నాకే ఎక్కువసార్లు చెప్పేవారు. అందరికీ చెప్పేవారేమో.

జూన్ 25

నాన్న శాండల్స్.

జూన్ 26

దర్జీ ఆవిడ వచ్చింది. పని మీద కాదు, ఊరికే, ఏమైనా తెలిసిందేమోనని. మేడమ్ లేరు. నన్ను చూసి ఇటు వచ్చింది.

సంచిలోంచి చొక్కా తీసి చూపించింది. ఖాకీ చొక్కా, తమ్ముడిది. ఆపరేషన్ అవగానే మళ్ళీ బస్సెక్కుతానంటున్నాడట. కొత్త చొక్కా కుట్టి పెట్టమన్నాడట. ఇదివరకు ఇలాంటిది ఒక్క పూటలో కుట్టేసేది. ఇప్పుడు గుండీలకే మూడు రోజులు పట్టింది. ఒక గుండీ వంకరగా ఉంది.

"మీ మేడమ్ వద్దంటున్నారు, ఆ డాక్టరు కావాలంటున్నారు. వాడేమో క్యాలెండర్ చూసుకుంటున్నాడు. నేనెవరికి సర్దిచెప్పనమ్మా?" అంది. నా మీద కోపంగా కాదు. గుండీ గీరుతూ.

నేను టీ తెచ్చి ఇచ్చాను. కప్పు రెండు చేతుల్తో పట్టుకుంది. నాన్న కూడా అలాగే పట్టుకుంటారు. పోయిన చలికాలం నుంచి. చేతులు వెచ్చగా ఉంటాయని చెప్పారు.

జూన్ 27

రాస్తున్నాను. కొట్టివేయడానికి లేదు.

పిచ్చుక నేను.

తాతయ్య, నాన్న, బాబాయి, మేనత్త. ఇన్నేళ్ళూ అందరం కలిసి కిటికీలోంచి చూసి నవ్వుకున్నది అదే. నేను ఏడాదిగా ఈ జబ్బు గురించే చదువుతున్నాను. పాదం వేలాడినప్పుడు మోకాలు ఎత్తి నడుస్తారని పుస్తకంలో బొమ్మ ఉంది. ఆ బొమ్మ కింద గీత కూడా గీశాను. అది మా నాన్న అని అనుకోలేదు. ఆయన నడక కదా అది.

ఇంకొకటి కూడా రాయాలి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టింది. పిచ్చుక ఆరోగ్యవంతురాలైతే ఆ మార్పు దేనికీ పనికిరాదు, చెత్తబుట్టలోకి పోవాల్సిందే. కానీ పిచ్చుక వాళ్ళింట్లో అదే జబ్బు ఉంటే, పిచ్చుకకి ఇంకా వయసు రాలేదంతే అయితే, అప్పుడది సాక్ష్యం. మేడమ్ ఇన్నాళ్ళూ అడుగుతున్న రెండో కుటుంబం.

రెండో కుటుంబం మేమే.

నోట్లో నురగతో అద్దం ముందు నిలబడి ఉన్నాను. గుండె ఇరవయ్యో తారీఖున కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది. భయమా, సంతోషమా అని వేరు చేసి చూద్దామనుకున్నాను. వేరు కాలేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చీటీ చింపి ఏడాదైంది. నేను చెప్పకపోతే పిచ్చుక ఎప్పటికీ ఒక పిట్టే. డ్రైవరు పన్నెండో తారీఖున బల్ల మీద పడుకుంటాడు. చెబితే నా ఒక్కదాని గురించే కాదు, నాన్న గురించి, బాబాయి గురించి చెప్పినట్టే. అది నా ఒక్కదాని నోటితో చెప్పే మాట కాదు.

ముందు నాన్న.

జూన్ 30

అమ్మ బజారుకి వెళ్ళేదాకా ఆగాను. నాన్న కిటికీ దగ్గర కూర్చుని పాత లైబ్రరీ పుస్తకానికి అట్ట అతికిస్తున్నారు. జిగురు బ్రష్షు పిడికిలితో పట్టుకున్నారు.

మా గురించి మొదలుపెట్టలేకపోయాను. దర్జీ ఆవిడ గురించి చెప్పాను. సూది, బ్రేకు, ఖాకీ చొక్కా, వంకర గుండీ. నాన్నకి ఎవరి కథైనా అలా చెబితే అట్ట వైపు చూస్తూనే వింటారు. ఈసారి బ్రష్షు కింద పెట్టారు.

"ఆయనకి చెప్పులు జారతాయా?" అన్నారు.

నేను ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

నాన్నకి అనుమానం ఎప్పటినుంచో ఉందట. తాతయ్యని చూశారు, తర్వాత తమ్ముణ్ణి చూశారు, నిచ్చెన మూడో మెట్టు మీద ఒకరోజు తన పాదాన్ని తనే చూసుకున్నారు. పేరు లేనిదాన్ని ఇంట్లోకి పిలవడం దేనికని ఊరుకున్నారట. కవాతు అని మీ అమ్మ నవ్వుతుంటే బాగానే ఉండేది, అన్నారు.

మాకున్నట్టు నీకెలా తెలిసింది అని అడిగారు. రక్తంలో కనిపించిందన్నాను. నా రక్తం ఎప్పుడు తీశావు అన్నారు. మీది కాదు నాన్నా, అన్నాను.

ఆయన నా పాదాల వైపు చూశారు. నేను పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాను. లాక్కున్నాక తప్పనిపించి మళ్ళీ ముందుకు పెట్టాను. ఇద్దరం చాలాసేపు వాటివైపే చూస్తూ కూర్చున్నాం. మామూలు పాదాలు. ఎడమ బొటనవేలి గోరు కాస్త విరిగింది.

నాకివ్వడానికి పుస్తకాలు తప్ప ఏమీ లేవనుకున్నాను, అన్నారు చివరికి. నవ్వు తెప్పించాలని.

అది మీరు కావాలని ఇచ్చింది కాదు, నాణెం ఎగరేసినట్టే అని లెక్క చెప్పాను. ఇప్పుడే ఏమీ కాదని, ఇంకా పాతికేళ్ళ టైం ఉందని, ఈలోపు కూలీ కుంటిదని తెలిసింది కాబట్టి ఎవరో ఒకరు దానికి ఊతకర్ర కనిపెడతారని, ఆ కనిపెట్టేవాళ్ళ మధ్యనే నేను కూర్చుని ఉన్నానని. నేను అంతసేపు ఆపకుండా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు. చేతులు ఊపుతున్నానని మధ్యలో గమనించాను. నరం తోక ఎంత పొడుగో గదంతా చాపి చూపిస్తున్నాను.

"నీకు సంతోషంగా ఉందా?" అన్నారు. ఆశ్చర్యంగా, తిట్టినట్టు కాదు.

"తెలియట్లేదు నాన్నా."

ఆయన వంగి శాండల్స్ దగ్గరికి లాక్కున్నారు. బకిలు పెట్టుకోవడానికి ఆయనకి టైం పడుతుంది. సాయం చేయబోతే వద్దన్నారు.

"ఆ డ్రైవరు ఆపరేషన్ ఎప్పుడన్నావు? పద, మీ బాబాయి దుకాణం మూసేలోపు వెళదాం. వాడికి నేను చెప్పాలి."

జూలై 1

టీ టైంలో. అందరూ ఉన్నారు. కాగితం మీద రాసి తీసుకెళ్ళాను, జరపడానికి. కాగితం చేతిలోనే ఉండిపోయింది.

"పిచ్చుక నేనండీ," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మాస్టారు, మాట తప్పావు, జరిమానా కట్టు, అన్నారు. అప్పుడు మొత్తం చెప్పాను. పారేసిన మార్పు, ముగ్గురికీ ఉండటం, పెద్దక్కకి లేకపోవడం, చేప, కోడి. పిచ్చుక. తాతయ్య, మేనత్త, నాన్న, బాబాయి, కిటికీ. మాట ఎక్కడా తడబడలేదు.

మాస్టారు కప్పు పెట్టేసి గోడ వైపు తిరిగారు. ఆయన లెక్క వేసుకుంటున్నారని వీపు చూస్తే తెలిసిపోతుంది. నలభై దాటాక వచ్చే జబ్బుకి మనం ఆరోగ్యవంతుల కింద ఎవర్ని పెట్టుకున్నాం, అన్నారు గోడతోనే. మన పిట్టలన్నీ పిల్ల పిట్టలే కదా. ఇంట్లో పెద్దవాళ్ళెలా నడుస్తున్నారని ఒక్కరినీ అడగలేదు కదా.

తర్వాత నా వైపు తిరిగారు.

"కాకి నేనే. నువ్వొక్కదానివే మాట తప్పావని ఎవరైనా అంటే నాతో చెప్పు."

మేడమ్ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు మూశారు. మొదట అడిగింది నాన్నగారికి తెలుసా అని. తెలుసనీ, రమ్మంటే వస్తానన్నారనీ చెప్పాను. ఇంత తెలుసుకోవాలని నువ్వు కోరుకోలేదు, మా నిర్లక్ష్యం వల్ల తెలిసింది, అన్నారు. ఇకనుంచి నీ ఫలితం నీది, నీకు కావాలంటేనే మాట్లాడదాం, అన్నారు. మా పెద్దవాళ్ళ రక్తం తీసి వేరే ల్యాబ్‌కి కూడా పంపి సరిచూడాలన్నారు. గొంతు చాలా జాగ్రత్తగా ఉంది. కళ్ళలో మాత్రం వెలుగు. అది నాకు కనిపించకూడదని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అది శుభ్రంగానే ఉంది.

దాచుకోకండి మేడమ్, నాకూ అలాగే ఉంది అనాలనిపించింది. అన్నాను కూడా. ఈరోజు నాకేమైందో.

జూలై 2

నాన్న రక్తం, బాబాయి రక్తం. బాబాయి సూది చూసి మొహం తిప్పుకున్నాడు. నాన్న నర్సుకి ఆ సిరంజి కంపెనీ స్పెల్లింగులో తప్పుందని చూపించారు.

జూలై 4

అమ్మకి నాన్న చెప్పారట. అమ్మ నాతో ఫోన్‌లో రెండు మాటలే మాట్లాడింది. తిన్నావా. పెట్టేస్తున్నా.

మళ్ళీ అరగంటకి తనే చేసింది. నేను నవ్వేదాన్ని కదే, అంది. నవ్వు అమ్మా, అన్నాను. నాన్న కూడా అదే అన్నారట.

జూలై 6

నాన్నకి ఉంది. బాబాయికి ఉంది. వేరే ల్యాబ్‌లో కూడా అదే అక్షరం, అదే చోట. మేడమ్ సర్జన్‌కి కాగితం పంపించారు. ఆయన వెంటనే ఫోన్ చేశారట. ఆపేశారు.

ఆపేశారు.

నాది మళ్ళీ చూడమని నేను అడగలేదు. మేడమ్ కూడా అడగలేదు. ఎందుకు అడగలేదో ఇద్దరికీ తెలుసు.

జూలై 9

అందర్నీ క్లినిక్‌కి రమ్మన్నారు. దర్జీ ఆవిడ, డ్రైవరు ఒకవైపు బెంచీ మీద. నాన్న, బాబాయి ఎదురు బెంచీ మీద. మధ్యలో మేడమ్. నేను గోడ దగ్గర, నా చోటులో.

మేడమ్ డ్రైవరుకి నెమ్మదిగా చెప్పారు. వెన్నుపూస కాదు, పుట్టుకతో జన్యువులో వచ్చిన అక్షరం తప్పు. ప్రాణం తీసేది కాదు, మెల్లగా నడుస్తుంది. మందు ఇంకా లేదు. మడమకి పట్టీ, వ్యాయామం, పడిపోకుండా జాగ్రత్తలు ఉన్నాయి. ఇదిగో పేరు, అని జన్యువు పేరు రాసి ఇచ్చారు. దర్జీ ఆవిడ చదివింది. పలకడానికి రాలేదు, అయినా మళ్ళీ చదివింది. చీటీని మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

"మా అమ్మ బద్ధకస్తురాలు కాదు," అంది. ఎవరితోనూ కాదు.

డ్రైవరు పేరు చూడలేదు. "అయితే బస్సు?" అన్నాడు.

మేడమ్ తల అడ్డంగా ఊపారు. ఆయన ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు. వంకర గుండీ పట్టుకుని తిప్పుతూ కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ నేను ఆయనకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆశ తీసేసుకుంటున్నానని గుండీ చూసేదాకా తట్టలేదు.

నాన్న లేచారు. నాలుగడుగులు వేసి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు. నేను నిచ్చెన దిగిన రోజున ఇంటికి వెళ్ళకుండా సాయంత్రం దాకా పార్కులో కూర్చున్నాను, అన్నారు. ఏం నిచ్చెన, అన్నాడు డ్రైవరు. నాన్న చెప్పారు. ఏ రూటు నడిపేవారు అని నాన్న అడిగారు. ఆయన చెప్పాడు. మెల్లగా మొదలై ప్రతి స్టాపూ చెప్పాడు.

ఈలోపు బాబాయి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. జేబులోంచి టేపు తీశాడు.

"కాలు కాస్త ఇటివ్వండి. సైజెంతో చూస్తా. మా ఇంట్లోవాళ్ళకి నేను చేయించేవి జారవు."

నడక తీరు రాసుకోవడానికి మేడమ్ మగవాళ్ళు ముగ్గుర్నీ వరండాలో నడవమన్నారు. నాన్న, బాబాయి, డ్రైవరు. మోకాళ్ళెత్తి ఎత్తి, ఒకేలా. ముగ్గురూ ఆ చివరిదాకా వెళ్ళి తిరిగారు. దర్జీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"మీరు మాకేమవుతారండీ?" అంది నాన్నతో.

"చుట్టరికం ఈమధ్యే తెలిసిందమ్మా," అన్నారు నాన్న.

అప్పుడామె నన్ను చూసింది. నాన్నని చూసి, మళ్ళీ నన్ను చూసింది. టీ ఇచ్చిన అమ్మాయి, మాట్లాడని అమ్మాయి. ఆవిడ మొహం మారడం చూశాను. నేనెవరో ఎవరూ చెప్పలేదు ఆవిడకి.

"నువ్వు కూడానా తల్లీ?" అంది.

మామూలుగా అయితే తలూపి ఊరుకునేదాన్ని. "నేను కూడా. వాళ్ళ తర్వాత," అన్నాను.

మేడమ్ నా వైపు చూశారు. నీకు ఇష్టమైతేనే, అన్నారు. ఇప్పుడెలా ఉందో రాసి పెట్టుకుంటే ముందు ముందు పోల్చుకోవడానికి ఉంటుంది, అన్నారు. పిల్ల పిట్టల్లో మొదటిది.

ఈరోజు మామూలు చెప్పులు వేసుకెళ్ళాను. పట్టీలు లేనివి. కావాలనే.

గోడ దగ్గర్నుంచి ఇవతలికి వచ్చాను. అందరూ చూస్తుంటే నడవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. ఆ చివరిదాకా వెళ్ళాను, తిరిగాను, మళ్ళీ వచ్చాను.

చెప్పు కాలికే ఉంది.